గట్టిమేళం కింద పోయిన పాట

(తెర మీద: కల్యాణ మండపం, భోజనాల బంతి. ఫోన్లో తీసిన వీడియో, కాస్త ఊగుతోంది.)

ముందు ఈ క్లిప్ ఒక నిమిషం చూడండి. ఒడిశాలో ఉన్న మా బరంపురంలో చుట్టాల పెళ్లి. ముహూర్తానికి ఇంకా టైముంది, ఈలోగా బంతి నడుస్తోంది. ఒకతను సాంబారు బకెట్‌తో పరిగెడుతున్నాడు. ఒక పిల్లాడు ఐస్‌క్రీం కోసం రాగం తీస్తున్నాడు. మా పెద్దత్త ఎవరి మీదో అలిగి కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంది. ఇప్పుడు వీటన్నిటి వెనక ఏం వినిపిస్తోందో చూడండి. సన్నాయి. పలాస వైపు నుంచి వచ్చిన మేళం. ఆయన వాయిస్తున్నది త్యాగరాజు కీర్తన, మోహన రాగం. పావుగంట వాయించాడు. మండపంలో మూడు వందల మందికి తక్కువ లేం. విన్నదెవరయ్యా అంటే పక్కన కూర్చున్న డోలు ఆయన ఒక్కడు.

ఆ రాత్రి మా బావ అన్న మాట వల్లే ఈ వీడియో చేస్తున్నాను. "నాకీ క్లాసికల్ పడదురా. ఆ... ఆ... అంటూ గంటసేపు లాగుతారు" అన్నాడు. ఎప్పుడైనా విన్నావా బావా అని అడిగాను. "వినకపోవడమేంటి, ప్రతి పెళ్లిలో వింటూనే ఉన్నాంగా!"

నాకు అక్కడ లైటు వెలిగింది. మా బావ అబద్ధం చెప్పలేదు. చెవిన పడింది కాబట్టి విన్నాననే అనుకుంటున్నాడు. ఈ ముప్పై ఏళ్లలో ఆయన నిజంగా విన్నది సాంబారు గిన్నెల చప్పుడు, పంతులుగారి "గట్టిమేళం" కేక. శాస్త్రీయ సంగీతం నచ్చదనే వాళ్లలో చాలామంది పాట మీద తీర్పు చెప్పడం లేదని నాకనిపిస్తుంది. అది ఏ సందర్భంలో చెవిన పడిందో, ఆ సందర్భం మీద చెబుతున్నారు.

మా అమ్మ సంగతే తీసుకోండి. వీణ గానీ సారంగి గానీ వినిపిస్తే చాలు, "ఎవరు పోయారు?" అంటుంది. నవ్వకండి. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగాక రేడియోలో, టీవీలో రోజుల తరబడి ఆ నెమ్మది వాద్యాలే వచ్చాయి. పెద్ద నాయకులెవరు పోయినా అంతే. సినిమా పాటలు ఆపేసేవారు, వార్తలకీ వార్తలకీ మధ్య వాద్య సంగీతం వేసేవారు. అప్పుడు మా అమ్మ చిన్నపిల్ల. ఆ శబ్దానికి ఆవిడ మనసులో పడ్డ ముద్ర చావు కబురు. దాన్ని ఏ రాగలక్షణం చెరుపుతుంది?

ఇంకోటి, ఇది ఇంకా తమాషా. 1952లో బి.వి. కేస్కర్ అనే ఆయన సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. సినిమా పాటలు జనం అభిరుచిని పాడు చేస్తున్నాయని ఆయన గట్టి నమ్మకం. ఆకాశవాణిలో వాటి టైము కోసేశారు. సినిమా నిర్మాతలతో గొడవ ముదిరి, చివరికి ఆ పాటలు దాదాపు కనపడకుండా పోయాయి. వాటి బదులు శాస్త్రీయ సంగీతం. దేశం మొత్తం కూర్చుని ధ్రుపద్ లాంటి పాత హిందుస్తానీ పాటలు వినాలన్నమాట. జనం ఏం చేశారు? రేడియో ముల్లు సిలోన్ వైపు, అంటే ఇప్పటి శ్రీలంక స్టేషన్ వైపు తిప్పారు. ఆ ఏడాది చివర్లోనే అక్కడ బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలైంది, దాన్ని నడిపిన అమీన్ సయానీ గొంతు ఇంటింటికీ చుట్టమైపోయింది. ఆకాశవాణి దిగొచ్చి 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టింది. ఆ మంత్రిగారికి సంగీతం మీద ప్రేమ ఉంది, అందులో అనుమానం లేదు. కానీ కాకరకాయ కూర ఆరోగ్యానికి మంచిదని నోట్లో కుక్కితే పిల్లాడు పెద్దయ్యాక కూడా కాకరకాయని చూసి పక్కకి తప్పుకుంటాడు. నిజానికి కాకరకాయ వేపుడు నాకు ప్రాణం. అది వేరే సంగతి.

(తెర మీద: మా వీధి. మగ్గం శబ్దం.)

ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉండే విషయం. మా తాత మగ్గం మీద బతికిన మనిషి. బరంపురం పట్టు అంటారే, అది నేసేవాళ్లలో ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. కచేరీలు జరిగే హాలు మా ఇంటికి రెండు సందుల అవతల. తాత ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు. ఎవరూ రావద్దనలేదు. రమ్మనీ అనలేదు. ముందు వరసలో ఎవరు కూర్చుంటారో ఊరందరికీ తెలుసు. అలా పెరిగిన మనిషి "అది మనది కాదులే" అంటే దాన్ని అభిరుచి లేకపోవడం అందామా?

నేను మాత్రం కాలేజీ రోజుల్లో ఒకసారి వెళ్లాను. మృదంగం ఆయన ఒక ముక్క అద్భుతంగా వాయించేసరికి ఆపుకోలేక చప్పట్లు కొట్టాను. నేనొక్కడినే. ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి, "తెలియనప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలి బాబూ" అన్నారు. బాబూ అని మర్యాదగానే అన్నారు. ఆ తర్వాత ఏడేళ్లు నేను అటువైపు పోలేదు. ఆ ఏడేళ్లూ ఎవరైనా అడిగితే "క్లాసికల్ బోర్ గురూ" అని చెప్పాను. అవమానమైందని చెప్పుకోవడం కంటే బోర్ అనడం తేలిక కదా.

ఇంతకీ అన్ని కీర్తనలు కంఠతా వచ్చిన ఆ సన్నాయి ఆయనకి మన పెళ్లిళ్లలో భోజనం ఆఖరి బంతిలో.

సరే, సందర్భాల గోల పక్కన పెడదాం. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోబెట్టి వినిపించినా మా బావకి బోరే కొడుతుంది. ఎందుకు? దీనికి చెవి అలవాటే కారణం.

పాట అంటే ఎంతసేపు ఉండాలి? మూడు నాలుగు నిమిషాలు అంటాం. ఆ లెక్క ఎక్కడిది? 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే హిందుస్తానీ గాయని గ్రామఫోన్ రికార్డు ఇచ్చింది. ఆనాటి 78 స్పీడు పళ్లెంలో, పది అంగుళాల దాంట్లో, ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. రాత్రంతా పాడగల మనిషి ఆ మూడు నిమిషాల్లోనే ముగించి, చివర్లో "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని పేరు చెప్పేది. ఆ పళ్లేలు ఒత్తేది జర్మనీలో మరి, అక్కడివాళ్లకి పాడిందెవరో తెలియాలిగా! సినిమా పాట కూడా ఆ పళ్లెం కొలతకే ఒదిగింది. నూరేళ్లకు పైగా మన చెవి ఆ కొలతకే కుట్టించుకున్న చొక్కా. ఇప్పుడు రీల్స్ వచ్చి దాన్నీ కత్తిరిస్తున్నాయి.

రెండోది, సినిమా పాటలో మన చెవి మాట కోసం చూస్తుంది. తర్వాతి లైన్లో ఏమంటాడు అని. కీర్తనలో తర్వాతి లైను రాదు. అదే లైను మళ్లీ వస్తుంది. మళ్లీ వస్తుంది. "ఇందాకే చెప్పావు కదయ్యా" అనిపిస్తుంది.

అసలు ఆట అక్కడే ఉంది. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళదాం.

(తెర మీద: హార్మోనియం, దగ్గరగా.)

హార్మోనియంలో నల్ల మెట్లు చూడండి. రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. మూడున్న గుంపులో మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టి తెల్లవాటిని ముట్టుకోకుండా వరసగా ఐదు నొక్కండి. స, రి, గ, ప, ద. మ లేదు, ని లేదు. ఇవి మోహన రాగం స్వరాలు. మా వీధిలో హిందుస్తానీ నేర్చుకునే ఒడియా అమ్మాయి వీటినే భూప్ అంటుంది. మీకు ఈ రాగం ఎప్పటినుంచో తెలుసు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో "లాహిరి లాహిరి లాహిరిలో" ఉంది కదా, అది మోహనే. ఆ బాణీ కట్టిన సాలూరి రాజేశ్వరరావుగారిది సాలూరు దగ్గర ఊరు. అక్కడ ఘాట్ రోడ్డు ఎక్కితే కోరాపుట్. పాట పాడిన ఘంటసాల సంగీతం నేర్చుకున్నది విజయనగరం కాలేజీలో. బరంపురంలో రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడ దిగుతాం. అంటే మనం "పడదు" అంటున్నది మన పెరట్లో మొలిచిందే.

ఇప్పుడు అదే మోహనలో త్యాగరాజు పల్లవి:

"నను పాలింప నడచి వచ్చితివో నా ప్రాణనాథ"

నన్ను కాపాడటానికి నడిచి వచ్చావా అంటున్నాడు. అర్థం కోసం పండితుణ్ని పిలవక్కర్లేదు. కూతురి పెళ్లికి శిష్యుడు రాముడి పటం మోసుకుంటూ నడిచి వస్తే, ఎదురెళ్లి ఇది పాడాడని ఒక కథ చెబుతారు. ఎంత ఇంటి మాటో చూడండి, రాముడు కూడా చుట్టంలా నడిచే వచ్చాడు.

గాయకుడు మొదటిసారి ఈ లైన్ సాదాగా పాడతాడు. ముగ్గు వేసేముందు చుక్కలు పెట్టినట్టు. రెండోసారి అదే లైను, కానీ ఒకచోట చిన్న మెలిక. మూడోసారి ఆ మెలిక ఉంచి ఇంకోటి కలుపుతాడు. పాడే బాణీని బట్టి మారుతుంది గానీ, నేను వినిపించబోయే దాంట్లో "నడచి" అన్న మాట దగ్గర చూడండి. మొదట రెండడుగులే వేస్తుంది. తర్వాత ఒక మెట్టు ఎక్కి దిగుతుంది. ఆ తర్వాత పైదాకా వెళ్లి, తొందర లేకుండా కిందికి వస్తుంది. వీటిని సంగతులు అంటారు. "ఏంటి సంగతులు" అన్నప్పటి సంగతి కాదు గానీ, ఆ అర్థంతో విన్నా నష్టం లేదు. ఒకే మాటలో ప్రతిసారీ ఒక కొత్త సంగతి.

మొదటి లైన్ గుర్తు లేకపోతే మూడోదాంట్లో ఏం మారిందో తెలియదు. 2011లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు, సంగీతం వింటున్నవాళ్ల మెదడును స్కాన్ చేసి చూశారు. ఒళ్లు పులకరించే ఆ క్షణంలోనే కాకుండా, అది రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లో కూడా డోపమైన్, అంటే మెదడులో ఆనందంతో ముడిపడ్డ రసాయనం, విడుదలైంది. ఎదురుచూడాలంటే ఏం రావాలో కొంచెం తెలిసి ఉండాలి. సాంబారు వడ్డిస్తూ, పెద్దత్తని బతిమాలుతూ ఎదురుచూడటం కుదరదు.

అయితే తప్పంతా మనదే అని నేను ఒప్పుకోను. కొందరు విద్వాంసులు తెలుగు మాటల్ని ఎక్కడపడితే అక్కడ విరిచేస్తారు. "నను పా" అని ఆగి, ఊపిరి పీల్చుకుని "లింప" అంటే ఎవరికి అర్థమవుతుంది? మా పిల్లలసలే ఒడియా మీడియం, ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు బోర్డు కూడబలుక్కుంటారు. వాళ్లకి ఆ ముక్కలు అతికించుకునే ఓపిక ఎక్కడిది? పోనీ ఒడియా పిల్లలు మెరుగా అంటే అదీ లేదు. ఒడియా కవి కవిసూర్య బలదేవ రథ్ మా గంజాం జిల్లా వాడే, 1789లో పుట్టాడు. 'క' నుంచి 'క్ష' దాకా అక్షరానికొకటి చొప్పున ముప్పై నాలుగు పాటల చంపూ, అంటే గద్యం, పద్యం కలిసిన కావ్యం, రాశాడు. పర్లాకిమిడి కవి గోపాలకృష్ణ పట్నాయక్ ఆయన కాలం వాడే. అటు కావేరి ఒడ్డున త్యాగరాజు పాడుతున్న రోజుల్లోనే ఇక్కడ వీళ్లిద్దరూ. నా ఒడియా ఫ్రెండ్‌ని వీళ్ల గురించి అడిగితే, "బడిలో పరీక్షకి చదివాను" అన్నాడు. పాడగా విన్నావా అంటే లేదు.

(తెర మీద: చీరల షాపు. మధ్యాహ్నం, షట్టర్ సగం దించి ఉంది.)

సరే, మా బావ దగ్గరికి వద్దాం. పోయిన ఆదివారం షాపుకి వెళ్లాను. ఇయర్‌ఫోన్ ఒకటి ఆయన చెవిలో, ఒకటి నా చెవిలో. పల్లవి వరకే, నాలుగు నిమిషాలు. రెండే షరతులు. ఒకటి, "నడచి" అన్న మాట మీద కన్నేసి ఉంచాలి. రెండు, చేత్తో ఆది తాళం వెయ్యాలి. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది. అంతే.

మొదటి నిమిషం వాట్సాప్ చూసుకున్నాడు. రెండో నిమిషంలో ఫోన్ బోర్లా పెట్టాడు. తర్వాత ఉన్నట్టుండి, "ఆగాగు. వెనక్కి తిప్పు. ఇందాక ఇలా అనలేదుగా?" అన్నాడు. తిప్పాను. మళ్లీ విన్నాడు. అయిపోయాక ఇయర్‌ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టి చాలా సీరియస్‌గా చెప్పాడు.

"చూడు, గంటసేపు కూర్చోమంటే ఇప్పటికీ నా వల్ల కాదు. ఆయన గొంతు నాకు నచ్చలేదు, ముక్కుతో పాడుతున్నాడు. ఆ 'పాలింప' విరవడం చిరాకు. ఆ మృదంగం ఎవరు?"

ఈ మనిషే నెల క్రితం "ఆ... ఆ... అంటూ లాగుతారు" అన్నది.

నిన్న సాయంత్రం అటుగా వెళ్తూ చూశాను. బేరం ఆడుతున్న ఒకావిడ చీర మడతలు విప్పించి చూస్తోంది, ఈయన కౌంటర్ మీద వేళ్లతో లెక్క వేసుకుంటున్నాడు. ఏడే వస్తున్నాయి. ఉంగరం వేలు మింగేస్తున్నాడు.