వలలు బాగుచేసుకునే వేళ: శిష్యత్వమూ అనుదిన ధ్యానమూ

[దృశ్యం: విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్, తెల్లవారుజాము. నేల మీద పరిచిన వల. దాని మీద నెమ్మదిగా కదులుతున్న రెండు చేతులు.]

వ్యాఖ్యానం:

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు.

ఈ చేతులను కాసేపు గమనించండి. ఈ మత్స్యకారుడు వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి పట్టుకున్నాడు. కంటితో చూసే ముందే వేళ్ళతో తడిమి చిరుగు ఎక్కడుందో పట్టుకున్నాడు. పట్టుకున్న వెంటనే ముడి వేయలేదు. ముందుగా చిరుగు చుట్టూ పీచుగా వేలాడుతున్న పోగులను కత్తిరించాడు, ఆ తరువాతనే దారం చుట్టిన సూదిని ఒక్కొక్క కన్నులోంచి దూర్చి, పాత కన్నుల కొలతకు సరిపోయేలా కొత్త కన్నులను అల్లుతున్నాడు. పాడైన పోగులను తీసివేయకుండా వేసిన ముడి నిలవదు.

మార్కు సువార్త మొదటి అధ్యాయం 19వ వచనంలో యేసు ప్రభువు యాకోబును, యోహానును పిలిచినప్పుడు వారు చేస్తున్నది ఇదే పని. వారు దోనెలో ఉండి తమ వలలు బాగుచేసికొనుచుండిరని మన బైబిలు చెబుతుంది. అక్కడ గ్రీకు మూలంలో ఉన్న క్రియ కటార్టిజో. చెడినదాన్ని సరిచేసి, దాని పనికి తగినట్టుగా సిద్ధపరచడం అని దాని భావం. ఇదే క్రియను లూకా సువార్త 6వ అధ్యాయం 40వ వచనంలో ప్రభువు శిష్యుని గురించి వాడాడు: "సిద్ధుడైన ప్రతివాడును తన బోధకునివలె ఉండును." మన తెలుగులో ఒకచోట "బాగుచేసికొనుట" అనీ మరొకచోట "సిద్ధుడైన" అనీ ఉండడం వలన ఈ రెండు వచనాల మధ్య ఉన్న బంధుత్వం మనకు వెంటనే కనిపించదు. చిరిగిన వలకు జరిగేదే శిష్యునికీ జరుగుతుంది. అందువలన అనుదిన ధ్యానం మన ఖాతాలో పుణ్యం జమచేసుకునే పని కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కృపచేతనే రక్షింపబడ్డామని ఎఫెసీ పత్రిక చెబుతున్నప్పుడు, ఉదయం అరగంట ప్రార్థనతో మనం కొనుక్కోవలసినది ఏదీ మిగలలేదు. ధ్యానం అంటే నిన్నటి దినం చింపిన దానిని ఆయన చేతిలో పెట్టడం.

ఇక్కడ మనసు కుంగిపోయినవారికి ఒక మాట చెప్పాలి. గోడకు వేలాడదీసిన వల చిరగదు, సముద్రంలోకి వెళ్ళిన వలే చిరుగుతుంది. ఆఫీసులో సహనం కోల్పోయి మాట్లాడిన మాట, ఇంట్లో పిల్లల మీద చూపిన విసుగు, డబ్బు దగ్గర నిజం దాచిన క్షణం, ఇవన్నీ చిరుగులే. వాటిని చూసి "నేను శిష్యుడినే కాదు" అని పక్కకు తొలగిపోనక్కరలేదు. అలాగని వాటిని దాచిపెట్టి పైపైన ముడి వేయడమూ కుదరదు. వేలాడే పోగులను కత్తిరించడమంటే అదే, ఫలానా పాపాన్ని ఫలానా పేరుతో దేవుని ఎదుట ఒప్పుకోవడం.

[దృశ్యం: హార్బరులో వరుసగా కట్టి ఉంచిన మరపడవలు.]

వ్యాఖ్యానం:

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. పడవలకూ వలలకూ పెద్ద మరమ్మతులు చేసుకోవడానికి అనువైన కాలం అది. మన సంఘాలలో జరిగే ఉజ్జీవ కూటములు, ఉపవాస ప్రార్థనలు అటువంటివే, వాటి అవసరం నిజంగా ఉంది. అయితే ఈ రోజు పడిన చిరుగును వచ్చే ఏప్రిల్ వరకు వదిలేస్తే ఆలోగా ఎన్ని చేపలు జారిపోతాయో మత్స్యకారుని అడిగితే తెలుస్తుంది. సిలువను ఎత్తుకొని వెంబడించమన్న పిలుపు మత్తయి, మార్కు సువార్తలలో కూడా ఉన్నది, కానీ "ప్రతిదినము" అన్న మాటను మనకు అందించినవాడు లూకా ఒక్కడే. 9వ అధ్యాయం 23వ వచనాన్ని మళ్ళీ తెరిచి ఆ ఒక్క మాట దగ్గర ఆగండి.

ఆ లూకా సువార్తకూ మన ఊరికీ ఒక సంబంధం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, లేఖనాలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వారికి ఆ పనిలో తోడ్పడ్డాడు. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయినది 1812లో. అచ్చుపుస్తకాన్ని ఇద్దరిలో ఎవరూ చేత పట్టుకోలేదు. వల బాగుచేయడం గురించిన వచనమూ, సిద్ధుడైన శిష్యుని గురించిన వచనమూ ఆ మూడు సువార్తలలోనే ఉన్నాయని తలచుకున్నప్పుడల్లా, అపరిచితమైన భాషలో రోజుకు కొన్ని మాటల చొప్పున వారు పడిన శ్రమకు నా మనసు కృతజ్ఞతతో నిండిపోతుంది.

[దృశ్యం: ఇంటి వరండా. చిన్న బల్ల మీద తెరిచి ఉన్న బైబిలు.]

వ్యాఖ్యానం:

ఇక మన ప్రభువు ప్రార్థించిన తీరు చూద్దాం. మార్కు మొదటి అధ్యాయంలో ప్రొద్దు గుంకిన తరువాత పట్టణమంతా వాకిటి యొద్ద కూడివచ్చింది, ఆయన అనేక రోగులను స్వస్థపరచాడు. అలసిపోయిన ఆ రాత్రి తరువాత, ఇంకను చాల చీకటి యుండగానే ఆయన లేచి అరణ్య ప్రదేశమునకు వెళ్ళి ప్రార్థించాడు. సీమోను వెదుక్కుంటూ వచ్చి "అందరు నిన్ను వెదకుచున్నారు" అని చెబితే, ఆయన వెనక్కి వెళ్ళకుండా సమీప గ్రామాలకు వెళ్దామన్నాడు. జనం కోరిక ఒక దిక్కున, తండ్రి చిత్తం మరొక దిక్కున ఉన్నప్పుడు ఏది ఏదో తేటగా కనబడింది ప్రార్థించి లేచినవానికే.

వేకువజామున లేవడం అందరికీ సాధ్యం కాదు. స్టీల్ ప్లాంటులో రాత్రి షిఫ్టు ముగించుకుని గాజువాకలో ఇంటికి చేరే సహోదరునికి ఉదయమంటే నిద్రపోయే వేళ. అటువంటివారు బాధపడనక్కరలేదు. సాయంకాలమున, ఉదయమున, మధ్యాహ్నమున ధ్యానిస్తానని 55వ కీర్తన చెబుతున్నది. మీకు వీలైన వేళను ఎంచుకుని, అదే వేళను మరునాడు కూడా కాపాడుకోండి. మార్కు సువార్తలో 16 అధ్యాయాలున్నాయి. రోజుకు సగం అధ్యాయం చొప్పున చదివితే 32 రోజుల్లో పూర్తవుతుంది. ఎక్కువ చదవాలన్న తొందర కంటే, చదివినదానిలో ఒక్క వచనం ఆ రోజు మీ నోటికీ చేతికీ ఏం చెబుతున్నదో కనిపెట్టడం ముఖ్యమని నా అభిప్రాయం.

ఒక్క విషయం మిగిలింది. గలతీ పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనంలో, తప్పితములో చిక్కుకున్న సహోదరుని "మంచి దారికి తీసికొని రావలెను" అన్నచోట కూడా అదే గ్రీకు క్రియ ఉన్నది, దానిని సాత్వికమైన మనస్సుతో చేయమన్న షరతు కూడా ఉన్నది. పెద్ద వలను ఒక్కడే బాగుచేయడు. ఒకరు పట్టుకుంటే మరొకరు అల్లుతారు. ఈ వారం కూడికకు రాని సహోదరి ఎవరో మీకు గుర్తుండే ఉంటుంది.

[దృశ్యం: హార్బర్. వలకు ఆ చివర మరొకతను వచ్చి కూర్చుని, అంచు అందుకుంటాడు.]