రేట్ కార్డు వెనక ఏముందో చూడండి

అందరికీ నమస్కారం.

మీడియా బయ్యింగ్, అంటే యాడ్లు వేయడానికి పత్రికల్లో, టీవీల్లో చోటు కొనే పని అనగానే చాలామంది బేరం గురించే అడుగుతారు. ఎంత డిస్కౌంట్ వస్తుంది, ఎలా అడిగితే వస్తుంది అని. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నారు కాబట్టి ముందే చెప్పేస్తాను: ఈ పనిలో సులువైన భాగం డిస్కౌంటే. చాలాచోట్ల రేట్ కార్డు, అంటే అమ్మేవాళ్లు ప్రకటించే ధరల పట్టిక, అంత ఎత్తున వేసేదే తర్వాత తగ్గించడానికి. నలభై శాతం తగ్గించామని సంబరపడుతూ బయటికొచ్చిన బయ్యర్‌కి తాను కొన్నదేమిటో తెలియకపోతే ఆ నలభై శాతం దేనికీ కొరగాదు. పత్రికలో స్థలం కొంటాం, టీవీలో రేడియోలో సెకన్లు కొంటాం, రోడ్డు మీద బోర్డు కొంటాం. డబ్బు పెట్టేది మాత్రం వాటి ఎదుట ఉండే మనుషుల కోసం. వాళ్లు ఎంతమంది, మనకు కావలసినవాళ్లేనా, మన యాడ్ వచ్చిన వేళకు అక్కడ ఉన్నారా? నైపుణ్యాలైనా పనిముట్లైనా ఇవి తేల్చుకోవడానికే.

ఈ అనుమానం కొత్తదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పత్రిక తన సర్క్యులేషన్ (ఎన్ని కాపీలు పోతాయో) ఎంతని చెబితే అంతే. జార్జ్ రోవెల్ అనే యాడ్ ఏజెంటు 1869లో పత్రికలన్నిటికీ ఒక డైరెక్టరీ వేసి, అందులో ఒక్కోదాని సర్క్యులేషన్ ఎంతో ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1914లో, ప్రకటనలిచ్చేవాళ్లు, ఏజెన్సీలు, పత్రికలు కలిసి ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ పెట్టుకున్నారు. అమ్మేవాడి నోటిమాట మీద కాక మూడోవాడు సరిచూసిన లెక్క మీద కొనడం అలా స్థిరపడింది. మీరు ఏ మాధ్యమం కొన్నా మొదటి ప్రశ్న అదే: ఈ అంకె ఎవరు లెక్కపెట్టారు?

ఇక లెక్కల్లోకి వద్దాం. భయపడకండి, బళ్లో నేర్చుకున్న శాతాలు చాలు. మన లక్ష్య జనాభాలో ఒక శాతం చూస్తే ఒక రేటింగ్ పాయింట్. యాడ్ ఒక్కసారి పడితే ఒక స్పాట్. కొన్న స్పాట్లన్నిటి రేటింగులూ కూడితే జీఆర్‌పీ, అంటే గ్రాస్ రేటింగ్ పాయింట్లు. ఎంత శాతం మందికి చేరింది (రీచ్), చేరినవాళ్లలో ఒక్కొక్కరికి సగటున ఎన్నిసార్లు చేరింది (ఫ్రీక్వెన్సీ), ఈ రెండూ గుణించినా వచ్చేది అదే అంకె. తిరకాసంతా ఇక్కడే. 75 శాతం మందికి నాలుగేసిసార్లు చేరినా 300, 30 శాతం మందికి పదేసిసార్లు చేరినా 300. అమ్మకానికి వచ్చినాయన 300 అని చెప్పి ఊరుకుంటాడు. కొత్త వస్తువును జనానికి పరిచయం చేయాలనుకునే కంపెనీకి రెండో రకం 300 శుద్ధ దండగ. రీచ్ ఎంత, ఫ్రీక్వెన్సీ ఎంత అని విడగొట్టి అడగాల్సింది మీరే.

ఎన్నిసార్లు చూస్తే చాలు అన్నదానికి ‘మూడుసార్లు’ అనే జవాబు ఈ రంగంలో వేదవాక్కులా తిరుగుతూ ఉంటుంది. ప్రకటనల పరిశోధకుడు హెర్బర్ట్ క్రుగ్‌మన్ 1972లో రాసిన వ్యాసం దానికి మూలం. ఆయన చెప్పింది చూసేవాడి మనసులో జరిగే మూడు దశల సంగతి. ఇదేమిటి అనుకోవడం, దీంతో నాకేం పని అనుకోవడం, ఆ తర్వాతవన్నీ గుర్తుచేయడాలే. మూడు స్పాట్లు వేసి చేతులు దులుపుకోమని ఆయన ఎక్కడా అనలేదు.

రేటింగ్ అంకెను ఎంతవరకు నమ్మాలో కూడా తెలిసుండాలి. అది జనాభా అంతటినీ అడిగి తెచ్చింది కాదు, శాంపిల్ నుంచి వచ్చింది. మీ లక్ష్య వర్గంలో శాంపిల్ వెయ్యిమంది అనుకుందాం. ఒక కార్యక్రమానికి 1.0 రేటింగ్ అంటే చూసినవాళ్లు పదిమంది. గణితం ప్రకారం అసలు అంకె 0.4 నుంచి 1.6 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పక్క ఛానల్‌కి 1.3 వచ్చిందని, అందుకు ముప్పై శాతం ఎక్కువ ఇవ్వాలని ఎవరైనా అంటే చిరునవ్వు నవ్వి, ఒక్క వారం కాదు, కొన్ని వారాల సగటు చూపించమనండి. శాంపిల్ ఎంతో అడిగే అలవాటు ఉన్న బయ్యర్ ముందు ప్రెజెంటేషన్ సగానికి కుదించుకుపోతుంది.

రెండు పత్రికలు కలిపి కొనేటప్పుడు ఇంకో పొరపాటు లెక్క వినిపిస్తుంది. ఒకటి 40 శాతం మందికి, ఇంకోటి 30 శాతం మందికి చేరుతుంది కాబట్టి మొత్తం 70 అని. రాదు. ఒకటి చదవడానికీ రెండోది చదవడానికీ సంబంధం లేదనుకున్నా, మొదటిది చదవని 60 శాతంలో 30 శాతం, అంటే 18 మాత్రమే కొత్తగా కలుస్తుంది. మొత్తం 58. చదివే అలవాటున్నవాళ్లే రెండోదీ తిరగేస్తారు గనుక తరచుగా అంత కూడా రాదు.

పత్రికల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి, కాలమ్ సెంటీమీటర్ (ఒక కాలమ్ వెడల్పు, ఒక సెంటీమీటర్ ఎత్తు ఉన్న చోటు) రేటును నేరుగా పోల్చకండి. రెండు పత్రికల పేజీ వెడల్పు ఒకటే అయినా ఒకదానిలో ఎనిమిది కాలమ్‌లు, ఇంకోదానిలో పది ఉండొచ్చు. నాలుగు కాలమ్‌ల యాడ్ మొదటిదానిలో సగం వెడల్పు ఆక్రమిస్తుంది, రెండోదానిలో 40 శాతమే. రేటు పదిహేను శాతం తక్కువని రెండోదాన్ని ఎంచుకుంటే, ఐదోవంతు చిన్న యాడ్‌ కొన్నట్టు. పేజీలో ఎంత భాగానికి ఎంత ఇస్తున్నామో చూడాలి, ఆపైన మన పాఠకుల్లో వెయ్యిమందికి ఎంత పడుతుందో చూడాలి. రేటు యాభై శాతం ఎక్కువున్న పత్రికలో మనకు కావలసినవాళ్లు రెట్టింపు ఉంటే తలకు పడేది తక్కువే.

రేడియో గురించి ఒక్క మాట. వారంలో ఇంతమంది మా స్టేషన్ వింటారు అంటారు. ఐదు నిమిషాలు విని మార్చేసినవాడు కూడా అందులో ఉంటాడు. మీ స్పాట్ వచ్చే పావుగంటలో సగటున ఎంతమంది ఉంటారో అడగండి.

హోర్డింగులకు మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ కాళ్లకు సాటి రాదు. వెళ్లి చూడాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బోర్డు వంద మీటర్ల నుంచి కనిపిస్తే చదవడానికి దొరికేది ఆరు సెకన్లు. యజమాని పంపే ఫొటో ఏ వంతెన మీదనుంచో జూమ్ చేసి తీసింది అయుండొచ్చు. డ్రైవర్ కళ్ల ఎత్తు నుంచి చూడండి, చీకటి పడ్డాక మళ్లీ చూడండి. ముందున్న చెట్టు ఆకు రాల్చి ఉన్నప్పుడు చూసి ఏడాదికి కొంటే, చిగుర్చాక బోర్డులో సగం కొమ్మలకే కనిపిస్తుంది.

ఇప్పుడు బేరానికి వద్దాం. అమ్ముడుపోని సెకన్లను గోదాములో దాచుకోవడం కుదరదు. ఎనిమిది గంటల బ్రేక్ ఎనిమిదింటికి పోయినట్టే. నెలాఖరున, త్రైమాసికం చివర టార్గెట్ల ఒత్తిడి అటువైపు ఉంటుంది. ఇవి తెలిసినవాడికి మంచి రేటు రావడం పెద్ద విశేషం కాదు. నా దృష్టిలో అసలు బేరం షరతుల మీద జరగాలి. స్పాట్ ఫలానా కార్యక్రమంలోనా, ‘ఆరు నుంచి పదకొండు మధ్య ఎక్కడైనా’నా? బ్రేక్‌లో మొదట వస్తుందా, మధ్యలో కలిసిపోతుందా? అదే బ్రేక్‌లో పోటీ కంపెనీ యాడ్ రాకూడదని ఒప్పుకుంటారా? ఎక్కువ రేటిచ్చే ఇంకొకరు వస్తే మన స్పాట్ తీసేసే హక్కు వాళ్లకు ఉందా? ఎన్ని రోజుల ముందు రద్దు చేసుకోవచ్చు? ఏడాదికి ఇంత కొంటామని చెప్పి తక్కువ రేటు తీసుకుని, అంత కొనలేకపోతే, అప్పటిదాకా వేసిన యాడ్లకు తేడా డబ్బు వెనక్కి కట్టమంటారు. ఆ నిబంధన చదవకుండా సంతకం పెట్టకండి. ఐదు శాతం డిస్కౌంట్ వదులుకుని ఈ షరతుల్లో రెండు సంపాదించిన బయ్యరే నాకు ఎక్కువ నచ్చుతాడు.

మాట్లాడుకున్నదంతా రిలీజ్ ఆర్డర్‌లో, అంటే యాడ్ వేయమని మనం రాసిచ్చే ఆర్డర్‌లో ఉండాలి. తేదీ, ఎడిషన్, పేజీ, సైజు, రంగు, సమయం, రేటు, యాడ్ రాకపోతే ఏం చేస్తారో, అన్నీ. ఫోన్లో ఒప్పుకున్నదాన్ని ఆ గంటలోనే రెండు వాక్యాల మెయిల్‌గా పంపడం కూడా నైపుణ్యమే. దాన్ని ఎవరూ నేర్పరు.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతుంటారు. పెద్ద ఏజెన్సీల్లో యాడ్ల కొనుగోళ్లు, బిల్లులు నడిపే మీడియాఓషన్ లాంటి వ్యవస్థలు, రేటింగ్ సంస్థల సాఫ్ట్‌వేర్‌లు ఉంటాయి. అవి ఉద్యోగంలో చేరాక వస్తాయి. ముందు స్ప్రెడ్‌షీట్ బాగా పట్టుబడాలి. అంకెలను గుంపులుగా కూడి చూపే పివట్ టేబుల్, రెండు జాబితాలు సరిపోల్చే లుకప్, తేదీలూ సమయాలూ సరిగా వేయడం. ఎందుకో చూడండి. రాత్రి ఏడు నుంచి పది మధ్య 20 స్పాట్లు ఆర్డర్ ఇచ్చారు. ఛానల్ పంపిన లాగ్‌లో (ఏ స్పాట్ ఎప్పుడు పడిందో చెప్పే జాబితాలో) 20 ఉన్నాయి, బిల్లులో 20 ఉన్నాయి. అకౌంట్స్ వాళ్లు పాస్ చేసేస్తారు. సమయాల కాలమ్‌ను పేర్చి చూస్తే తొమ్మిది స్పాట్లు పదిన్నర దాటాక పడ్డాయి. లాగ్‌ను మీ ఆర్డర్‌తోనే కాక బయటి మానిటరింగ్ రిపోర్టుతోనూ పోల్చాలి. పత్రికకైతే అచ్చయిన పేజీ, హోర్డింగ్‌కైతే తేదీతో ఉన్న ఫొటో చూడనిదే బిల్లు ముందుకు కదలకూడదు.

ఈ సరిచూడటం ప్రచారం ముగిశాక పెట్టుకుంటే సగం ప్రయోజనం పోతుంది. ప్రతి వారం చేయండి. తప్పు సమయంలో పడ్డ స్పాట్లకు బదులు స్పాట్లు ప్రచారం నడుస్తుండగానే అడిగి వేయించుకోవచ్చు. అమ్మకాల సీజన్ అయిపోయాక వేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, బిల్లులో తగ్గించమనండి. ఆ అవకాశం కూడా రిలీజ్ ఆర్డర్‌లో ముందే రాసుకుని ఉండాలి. రాసుకోకపోతే సాధారణంగా వాళ్లు స్పాట్లే ఇస్తామంటారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.