ఆదివారం యాటకూర, సోమవారం పచ్చిపులుసు

శ్రోతలందరికీ నమస్కారం.

మన వరంగల్ వైపు ఆదివారం వచ్చిందంటే ఇంట్లో కూర ఉడకాల్సిందే. యాటకూరో, కోడికూరో, చెరువు నిండిన ఏడాదైతే బొచ్చె చేపల పులుసో. ఆ పూట ఎవరూ తక్కువ తినరు. సోమవారం తెల్లారితే మళ్లీ పచ్చిపులుసు, టమాట కూర, మామిడికాయ తొక్కు, చివర్లో పల్చటి చల్ల. శనివారం దాకా ఇంతే. నా బెంగంతా ఈ ఆరు రోజుల్లో ఒంటికి అందే ప్రోటీన్ గురించే.

రోజుకు ప్రోటీన్ ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకు 0.83 గ్రాములు. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఇది ప్రోటీన్ బరువు, కూర బరువు కాదు. వంద గ్రాముల పచ్చి చికెన్‌లో ఉండేది 20 గ్రాముల పైచిలుకే. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు.

అన్నంలో లేదా అంటే, ఉంది. వంద గ్రాముల బియ్యంలో 7, 8 గ్రాములు ఉంటుంది. మూడు పూటలా అన్నమే తినేవాళ్లకు సగం దాకా దాని నుంచే వస్తుంది. అయితే ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ. పప్పుల్లో అది దండిగా ఉంటుంది. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం బియ్యంలోనూ, నువ్వుల్లోనూ దొరుకుతుంది. మన సర్వపిండినే చూడండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు వేసి, గిన్నెకు ఒత్తి కాలుస్తాం. ఒకదానిలో లేనిది ఇంకొకటి ఇస్తుంది. పప్పు, పల్లీలు కాస్త ఎక్కువే వేయండి, పిండి తగ్గించండి. నూనె మాత్రం చూసి పోయండి.

ఇంట్లో రోజూ పప్పు చేస్తున్నాం కదా అంటారు. ఎంత పప్పు వేస్తున్నారో ఒకసారి చూసుకోండి. నలుగురికి ఒక పిడికెడు, అంటే ఓ 40 గ్రాముల కందిపప్పు వేసి, చింతపండు పిసికి, చెంబెడు నీళ్లు పోసి చారు కాస్తే, ఒక్కొక్కరికి అందేది 2 గ్రాములకు కొంచెం ఎక్కువ. అదే మనిషికి 50 గ్రాముల పప్పు చొప్పున ముద్దగా వండితే 11 గ్రాములు అందుతుంది. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ యాటకూర ధరతో పోల్చి చూడండి.

గుడాలంటే నాకు మరీ ఇష్టం. శనగలో, బొబ్బర్లో రాత్రి నానబోసి, పొద్దున ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో పోపు వేస్తే అయిపోయె. 50 గ్రాముల గింజలతో 9, 10 గ్రాముల ప్రోటీన్. ఉప్మా తిన్న పొద్దుటికీ, గుడాలు తిన్న పొద్దుటికీ తేడా మీ కడుపే చెబుతుంది. గ్యాస్ పడుతుందని భయపడేవాళ్లు నానబెట్టిన నీళ్లు పారబోసి, బాగా మెత్తగా ఉడికించి, కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలి.

ఇక ఒక్కసారికి ఎంత తినొచ్చు అన్నది. హన్మకొండలో జిమ్ముకు వెళ్లే పిల్లలను అడిగితే, ఒక పూటకు 30 గ్రాములు దాటితే ఒంటికి పట్టదు, వృథా అంటారు. అది సరికాదు. ముద్ద పెద్దదైతే కడుపు దాన్ని నెమ్మదిగా పేగుల్లోకి వదులుతుంది, అరగడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంతే. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు వ్యాయామం చేసిన యువకుల్లో కొందరికి 25 గ్రాముల పాల ప్రోటీన్, కొందరికి 100 గ్రాములు ఇచ్చి చూశారు. 100 గ్రాములు తీసుకున్నవాళ్లలో కండ నిర్మాణం ఎక్కువగా, 12 గంటలు దాటినా జరుగుతూనే ఉంది.

అలా అని ఆదివారం కూరతో వారమంతా గడవదు. గుమ్మిలో వడ్లు పోసినట్టు ప్రోటీన్‌ను దాచుకునే చోటు మన ఒంట్లో లేదు. అవసరానికి మించింది శక్తికి ఖర్చవుతుంది, అందులోని నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది. బుధవారం పళ్లెంలో లేకపోతే బుధవారానికి లేనట్టే.

అరవై దాటినవాళ్ల విషయంలో ఇంకా పట్టింపుగా ఉండాలి. వయసు మీద పడ్డాక కండరాలు కొద్దిపాటి ప్రోటీన్‌కు సరిగా స్పందించవు. అందుకే వృద్ధులకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు, పూటకు 25 గ్రాముల దరిదాపుల్లో ఉంటే మంచిదని చాలామంది నిపుణులు చెబుతున్నారు. మన ఇళ్లల్లో జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. “రాత్రికి నాకేం వద్దు బిడ్డా, ఇంత చల్ల పొయ్యి, చాలు” అంటుంది అమ్మ. మనమూ సరే అంటాం. పళ్లు లేవని కూర పక్కకు జరిపేస్తుంది. ఆ చల్లకు బదులు గడ్డ పెరుగు పెట్టండి. గిలకొట్టిన గుడ్డో, మెత్తటి పెసరపప్పో, ముళ్లు తీసిన చేప ముక్కో అన్నంలో కలిపి ఇవ్వండి. లేవడానికి గోడ పట్టుకునే మనిషికి తొడల్లో బలం ఉండాలంటే ఇది, దీనితో పాటు రోజూ నాలుగడుగుల నడక కావాలి.

డబ్బాల్లో అమ్మే పొడుల గురించి తల్లిదండ్రులు అడుగుతుంటారు. కండల కోసం వాటిని వాడొద్దనే 2024 మార్గదర్శకాల్లో పోషకాహార సంస్థ చెప్పింది. ఆ డబ్బుతో నెలంతా ఇంటిల్లిపాదికీ గుడ్లు వస్తాయి. గుడ్డు తిననివాళ్లకు మీల్‌మేకర్ ఉంది. 25 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 12 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్కలేవీ వర్తించవు. షుగర్, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, డాక్టరును అడిగాకే ప్రోటీన్ పెంచండి. నమస్కారం.