వింత జంతువు కనిపించిందన్న మాటను పరిశీలించడం ఎలా? కడప కలివికోడి ఆధారంగా

నమస్కారం. లంకమల అడవిలోనో, నల్లమల అంచు పల్లెల్లోనో, పెన్నా ఒడ్డునో ఎవరూ ఎరుగని జంతువు తిరుగుతోందంటూ ఫోన్లలో వచ్చే వీడియోలను మీరు చూసే ఉంటారు. అలాంటి మాట చెవిన పడినప్పుడు వెంటనే నమ్మేయకుండా, అలాగని కొట్టిపారేయకుండా, దాన్ని ఎలా పరిశీలించాలో ఈ వీడియోలో వివరిస్తాను. ఇందుకు కావలసిన ఉదాహరణ, కలివికోడి అనే పక్షి, మన కడప జిల్లా ముళ్లపొదల్లోనే ఉంది కాబట్టి ఎక్కువ సమయం దానికే కేటాయిస్తున్నాను.

ఉనికి రుజువు కాని జంతువుల కోసం సాగే అన్వేషణను క్రిప్టోజువాలజీ అంటారు. బెర్నార్డ్ హ్యూవెల్మాన్స్ అనే జంతుశాస్త్రవేత్త 1955లో ఫ్రెంచి భాషలో ప్రచురించిన గ్రంథంతో దీనికి ఒక రూపం ఏర్పడింది. 1982లో అమెరికాలో స్థాపించిన ఈ అన్వేషకుల అంతర్జాతీయ సంఘం, జిరాఫీకి చుట్టమైన ఒకాపి బొమ్మను తన చిహ్నంగా పెట్టుకుంది. కాంగో అడవుల ప్రజలకు చిరకాలంగా తెలిసిన ఆ జంతువుకు శాస్త్రీయ నామం దక్కింది 1901లోనే. అయినా జంతుశాస్త్రం ఈ అన్వేషణను తన శాఖగా అంగీకరించలేదు. వెతకడంలో తప్పేమీ లేదు. జంతువు ఉందని ముందే తీర్మానించుకుని, ఆ తీర్మానానికి సరిపోయే ఆనవాళ్లను మాత్రమే ఏరుకోవడం వల్లనే ఈ అన్వేషణకు చెడ్డపేరు వచ్చిందని నా అభిప్రాయం.

తాడిపత్రి ఆలయ స్తంభాల మీద కనిపించే యాళిని, అంటే సింహాన్ని పోలిన కల్పిత జంతువును, ఈ చర్చలోకి తీసుకురాకూడదు. అది శిల్పి ఊహకు, భక్తికి సంబంధించిన రూపం. ఫలానా గుట్టలో ఫలానా రాత్రి యాళిని చూశానని ఎవరూ చెప్పడం లేదు. చోటు, కాలం, చూసిన మనిషి, ఈ మూడూ ఉన్న మాటనే మనం పరీక్షించగలం.

ఇప్పుడు కలివికోడి సంగతి చూద్దాం. సుమారు 27 సెంటీమీటర్ల పొడవుండి, రొమ్ము మీద రెండు పట్టీలతో, పగలంతా పొదల నీడన దాగి రాత్రిపూట మాత్రమే తిరిగే ఈ పక్షిని థామస్ జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు వెలుగులోకి తెచ్చాడు. 1848లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది. 1900లో అనంతపురం దగ్గర పెన్నా లోయలో హోవర్డ్ క్యాంప్‌బెల్ చూసినట్లు నమోదైన తరువాత, దశాబ్దాల తరబడి శాస్త్రవేత్తల కంట అది పడలేదు. ఎందరో వెతికి విఫలమైన మీదట అంతరించిపోయిందనే చాలామంది నిర్ణయానికి వచ్చారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు 1980లలో కడప ప్రాంతపు పల్లెల్లో విచారణ మొదలుపెట్టి, రాత్రిళ్లు దీపం వెలుగులో పక్షులను పట్టే స్థానికుల మాటను శ్రద్ధగా విన్నారు. చివరకు 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు ఆ పక్షిని సజీవంగా పట్టి తెచ్చాడు.

ఈ ఘట్టంలో రెండు విషయాలను విడివిడిగా గమనించండి. ఎక్కడ వెతకాలో చెప్పింది గ్రామస్థుల అనుభవం. వాళ్ల మాటను నిర్లక్ష్యం చేసి ఉంటే ఆ అన్వేషణ ముందుకు సాగేదే కాదు. కానీ కలివికోడి తిరిగి దొరికిందని ప్రపంచం ఒప్పుకున్నది ఆ మాటను బట్టి కాదు, ఎవరైనా స్వయంగా చూసి, కొలిచి, పాత నమూనాలతో పోల్చుకోగల పక్షి చేతికి అందింది కాబట్టి. సాక్షి మాటకు విలువ లేదనేవారు మొదటి భాగాన్ని, సాక్షి మాటే చాలుననేవారు రెండో భాగాన్ని విస్మరిస్తున్నారు.

తరువాత జరిగిన పని నాకు మరింత విలువైనదిగా కనిపిస్తుంది. పక్షిని పట్టకుండా, బెదరగొట్టకుండా అది ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని సన్నని పట్టీలుగా పరిచి, తెల్లవారాక వాటి మీద పడిన అడుగుజాడలను కొలిచి ఇతర పక్షుల జాడలతో పోల్చారు. అది నడిచే దారుల్లో, దానంతటదే ఫోటో తీసే కెమెరాలను అమర్చారు. సూర్యాస్తమయం తరువాత కొద్దిసేపు మాత్రమే అది కూస్తుందని గ్రహించి, రికార్డు చేసిన కూతను వినిపించి జవాబు వస్తుందేమోనని చెవి ఒగ్గారు. ఆ జాడల విలువ ఎంతటిదంటే, తెలుగుగంగ కాలువ దారిని సైతం ఈ పక్షి కోసం మార్చవలసి వచ్చింది.

మ్యూజియంలో మూలనపడిన వస్తువు కూడా సాక్ష్యం చెప్పగలదు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో 2013లో బయటపడిన ఒక గుడ్డు, 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది. దాని డీఎన్‌ఏను పాత పక్షి చర్మంలోని డీఎన్‌ఏతో పోల్చగా అది కలివికోడి గుడ్డేనని తేలింది. 1900 తరువాత కనుమరుగైందనుకున్న పక్షి, 17 ఏళ్ల తరువాత కూడా గుడ్లు పెడుతూనే ఉందన్నమాట.

అదే కొలతను మిగతా ప్రసిద్ధ జంతువులకు పెట్టి చూడండి. హిమాలయాల్లో తిరుగుతుందని చెప్పే మంచుమనిషి ‘యెతి’వని భద్రపరిచిన ఎముకలు, వెంట్రుకలు మొదలైన 9 నమూనాలను పరీక్షించిన అధ్యయనం 2017లో వెలువడింది. వాటిలో 8 ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. స్కాట్లాండ్ లాక్‌నెస్ సరస్సులో ఉందని చెప్పుకునే వింత జంతువు పొడవాటి మెడ ఎత్తినట్లు 1934లో అచ్చయిన ఫోటో, బొమ్మ జలాంతర్గామికి తగిలించిన నమూనాదని 1994లో బయటపడింది. 2018లో ఆ సరస్సు నీటినే సేకరించి, అందులో కలిసిన డీఎన్‌ఏను పరిశీలించినప్పుడు మలుగుచేపల జాడ విస్తారంగా దొరికింది కానీ పెద్ద సరీసృపపు జాడ దొరకలేదు.

ఇక మీరు చేయవలసిన పని. వీడియో వస్తే ముందుగా దాన్ని ఒకచోట ఆపి, జంతువు స్పష్టంగా ఉన్న దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మను బట్టి వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో వెతకండి. వేరే దేశంలో, వేరే సంవత్సరంలో తీసిన దృశ్యం మన ఊరి పేరుతో తిరగడం చాలా సాధారణం. అలా తేలకపోతే తీసిన వ్యక్తిని కలిసి, అదే చోట, అదే పొద్దుకు నిలబడి, జంతువు ఉన్న చోట ఒక కర్రను నాటించి మళ్లీ ఫోటో తీయండి. చీకట్లో, టార్చి వెలుగులో, దూరం తెలియని చోట పునుగుపిల్లి కూడా చిరుతంత కనిపించగలదు కాబట్టి ఈ ఒక్క పనితో సగం సందేహాలు తీరిపోతాయి.

చూసినవారు ఇద్దరు ముగ్గురు ఉంటే ఎవరి మాట వారిని విడిగా అడగండి. జంతువు పేరు మీరు ముందుగా చెప్పకండి. బొమ్మలు చూపించేటప్పుడు మన ప్రాంతంలో లేని జంతువుల బొమ్మలను కూడా కలిపి చూపితే, చెప్పేవారు నిజంగా గుర్తుపడుతున్నారో, మీ మనసెరిగి జవాబిస్తున్నారో తెలుస్తుంది. అడుగుజాడ ఉంటే పక్కన స్కేలు గానీ నాణెం గానీ పెట్టి, నిలువుగా పై నుంచి ఫోటో తీయండి. వెంట్రుకలు, రెట్ట వంటివి కనిపిస్తే చేత్తో తాకకుండా అటవీ సిబ్బందికి కబురు చేయండి.

ఒక విషయాన్ని గట్టిగా చెప్పాలి. మన ప్రాంతంలో రెండు తలల పాము పేరుతో ఒక నిజమైన, విషంలేని పామును పట్టి, దానికి లేని మహిమలు అంటగట్టి అమ్మేవారు ఉన్నారు. దాని తోక మొద్దుగా తలలా కనిపించడం తప్ప అందులో వింత ఏమీ లేదు. ఆ పామును పట్టుకోవడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పరీక్షించకుండా మనం పంపే ఒక్క వీడియో ఇలాంటి ప్రాణుల మెడకు ఉరి కావచ్చు.

అందువల్ల మీ పరిశీలనలో నిజంగానే అరుదైన ప్రాణి ఉన్నట్లు తేలితే, అది కనిపించిన చోటును వాట్సాప్‌లో గానీ యూట్యూబ్‌లో గానీ బయటపెట్టకండి. తేదీ, సమయం, చోటు, వెలుగు, దూరం, చూసినవారి మాటలు ఒక కాగితం మీద రాసి, అసలు ఫైలును కత్తిరించకుండా అలాగే ఉంచి, రెండింటినీ దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయంలో అందజేయండి.