బటన్‌కీ బ్యాటరీకీ తగువు లేదు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలోనూ కార్లు తుడిచి మెరిపించి తెచ్చిన విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లకు నమస్కారం. అధ్యక్షులు నా పరిచయం పొడుగ్గానే చేశారు గనక నేను నేరుగా విషయంలోకి వస్తాను.

ఎలక్ట్రిక్ కార్ల మార్కెట్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ఇందాక బయట టీ తాగుతూ మీ వాదన విన్నాను. కొందరు ‘కరెంటు బండి అసలు కారే కాదు’ అంటున్నారు. ఎందుకయ్యా అంటే, ఏసీ తగ్గించాలన్నా స్క్రీన్ మీద గీకాలి, అదేం బండి అంటున్నారు. ఆ స్క్రీన్‌కీ కరెంటుకీ సంబంధం ఏమిటి? ఈ ముడి విప్పడానికే నేను ఈరోజు వచ్చాను.

ఎలక్ట్రిక్ మోటారు మంచి యంత్రం. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కి చూడండి. ఆగిన చోటు నుంచే మోటారు పూర్తి బలంతో లాగుతుంది, గేర్లు మార్చే పని లేదు. దిగేటప్పుడు అదే మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీకి కొంత తిరిగి ఇస్తుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. డీజిల్ జీపులో ఆ ఘాట్ దిగుతూ కాలిన బ్రేకుల వాసన పీల్చినవాళ్లకి ఇది ఎంత సుఖమో నేను చెప్పక్కర్లేదు. హైవే మీద మాత్రం కంపెనీ చెప్పినంత రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో నడిచే దూరం, రాదు. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి, అంటే వేగాన్ని వేగంతోనే గుణించినట్టు, పెరుగుతుంది. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా గంటకి 80 కిలోమీటర్లలో పోయేవాడు 100 పట్టాడంటే ఆ అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఇక మార్కెట్. 2001లో బెంగళూరు నుంచి చేతన్ మైనీ గారి రేవా వచ్చింది, రెండు తలుపుల చిన్న ఎలక్ట్రిక్ బండి. 2020 జనవరిలో టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ వచ్చాక మామూలు కుటుంబాలు కూడా ఇటు చూడడం మొదలుపెట్టాయి. 2019 ఆగస్టులో ఎలక్ట్రిక్ బండి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. మొన్న 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల మీద కూడా 28 నుంచి 18కి తగ్గించారు. అంటే పన్నులో ఉన్న తేడా సన్నబడింది. ఇకమీదట ఎలక్ట్రిక్ కారు తన మంచితనంతోనే అమ్ముడవ్వాలి. మరి షోరూముల్లో మనకి ముందు చూపిస్తున్నదేమిటి? స్క్రీన్ ఎన్ని అంగుళాలో!

పోయిన వానాకాలం జరిగింది చెబుతాను. మా తోడల్లుడు కొన్న కొత్త బండిలో అరకు బయల్దేరాం. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మా మేనల్లుడు నడుపుతున్నాడు. అనంతగిరి దగ్గర మంచు దిగింది. లోపల మా ఐదుగురి ఊపిరికి ముందద్దం తెల్లబారిపోయింది. అద్దం మీద ఆవిరి పోగొట్టే డీఫాగర్ వెయ్యాలి. అది స్క్రీన్‌లో ఉంది. మొదట ఏసీ బొమ్మ నొక్కాలి, తర్వాత ఇంకో పేజీ తెరవాలి, అందులో అద్దం బొమ్మ వెతకాలి. కుదుపుకి వేలు పక్కన పడి పాట మొదలైంది! ఎదురుగా మలుపులో బస్సు హారన్. అద్దంలోంచి ఏమీ కనబడదు. నేను తువ్వాలుతో అద్దం తుడుస్తుంటే వెనక సీట్లోంచి మా అప్ప కేక వేసింది, “ఒరే, ఆ టీవీ కట్టీసి రోడ్డు సూడరా!” అని.

కార్ల డిజైన్ గురించి చాలా చదివాను గానీ ఆవిడ అన్నంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. నడిపేవాడి కన్ను రోడ్డు మీద ఉండాలి, చెయ్యి తడుముకుని స్విచ్ పట్టుకోవాలి. బయట నిలబెట్టిన ఆ తెల్ల అంబాసిడర్ చూడండి. స్టీరింగ్ బరువే, బ్రేకు కూడా అంతంతమాత్రమే, నేను దాన్ని ఆకాశానికెత్తను. కానీ అర్ధరాత్రి దీపం లేకుండా దాని వైపర్ ఎక్కడుందో మీ తాతగారి చేతికి తెలుసు.

వెనక వరసలో తమ్ముడూ, మీరు ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నారు కదా? బానెట్ తీసి చూశారా? అందులోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. వైపర్, హారన్, లైట్లు, అద్దాలు అన్నీ దాని మీదే, పెట్రోలు కారులో లాగే. ఆరెంజ్ రంగు వైర్లున్న పెద్ద బ్యాటరీ జోలికి శిక్షణ లేని మెకానిక్ వెళ్లకూడదు, నిజమే. కానీ వైపర్ స్విచ్‌కి ఆ భయం లేదు, కోట జంక్షన్ ఎలక్ట్రీషియన్ మార్చేస్తాడు. స్క్రీన్ పోతే మాత్రం దాంతోపాటు ఏసీ కంట్రోళ్లు కూడా పోతాయి. కంపెనీకి ఇరవై స్విచ్‌లు, వాటికి అచ్చులు, వైర్లు పెట్టడం కన్నా ఒక్క స్క్రీన్ పెట్టడం చవక. దాన్ని మనకి భవిష్యత్తు అని అమ్ముతున్నారు.

చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. మే నెల శ్రీకాకుళం ఎండకి పైన గాజు కప్పు ఎందుకండీ? నేల కింద బ్యాటరీ పెట్టి ఫ్లోరు పైకి లేపేసరికి వెనక కూర్చున్న పెద్దవాళ్ల మోకాళ్లు పైకొస్తున్నాయి, తొడలకి సీటు ఆనదు. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు మీ అమ్మగారిని వెనక కూర్చోబెట్టండి. అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను.

యూరప్‌లో కార్లకి భద్రతా స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ ఉంది. 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, అత్యవసర కాల్, వీటికి చేతికి తగిలే స్విచ్‌లు లేకపోతే మార్కులు తగ్గిస్తామని చెప్పింది. మనకీ 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ ఉంది. ఇదే నియమం మనకీ కావాలి. ఘాట్ రోడ్లున్న జిల్లా వాళ్లం గనక డీఫాగర్ బటన్ కూడా అందులో చేర్చమని అడగాలి. కేంద్ర రవాణా శాఖకి ఉత్తరం రాసి తెచ్చాను, గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. పెట్రోలు బండి వాళ్లూ, కరెంటు బండి వాళ్లూ, ఇద్దరూ సంతకం పెట్టండి. బండి నంబరు అక్కర్లేదు, పేరూ ఊరూ రాస్తే చాలు.