ఖర్చులు పోను ఎవరికెంత? మునిగిన ఓడల సొమ్ము, దాని పంపకం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

విశాఖ రేవులో బోటు ఒడ్డుకు చేరాక లెక్క ఎలా తేలుస్తారో మీలో చాలామందికి తెలుసు. డీజిలు, ఐసు, తిండి ఖర్చులు ముందు తీసేస్తారు. మిగిలినదాంట్లో ఓనరుకు కొంత, కళాసీలకు కొంత. సముద్రం అడుగున దొరికిన బంగారానికీ వరస ఇదే. కాకపోతే చేపకు రేటు ఆ పూట వేలంలోనే తెలిసిపోతుంది. నాలుగు వందల ఏళ్ల నాటి నాణేనికి ఎవరో ఒకరు రేటు కట్టాలి. తగువులు పుట్టేది అక్కడే.

ముందు తేలికైన సంగతి చూద్దాం. గైర్‌సొప్పా అనే ఆవిరి ఓడ ఉండేది. పేరు మన పొరుగు కర్ణాటకలోని గేరుసొప్పదే. కలకత్తా నుంచి వెండి, టీ, దుక్క ఇనుముతో వెళ్తూ 1941 ఫిబ్రవరిలో ఐర్లండ్‌కు నైరుతి దిక్కున జర్మన్ టార్పెడో తగిలి మునిగింది. లోతు 4,700 మీటర్లు. ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ కంపెనీ 2012, 2013లలో 2,792 వెండి కడ్డీలను పైకి తీసింది. ఒక్కోటి సుమారు 1,100 ట్రాయ్ ఔన్సులు, అంటే 34 కిలోలు. బ్రిటిష్ ప్రభుత్వంతో ఒప్పందం ముందే రాసుకున్నారు: వెతికే ఖర్చు, నష్టభయం కంపెనీవి. ఖర్చులు రాబట్టుకున్నాక మిగిలిన నికరంలో 80 శాతం కంపెనీకి, 20 శాతం ప్రభుత్వానికి.

ఇక్కడ మదింపు అంటే కాటా, శుద్ధి, ఆనాటి మార్కెట్ ధర. అంతే. అయినా ఒక మెలిక ఉంది. 2012 వేసవిలో ఔన్సు 27 డాలర్ల దగ్గరున్న వెండి ఏడాది తిరిగేసరికి సుమారు 20కి పడింది. వాటా శాతాలు రాసుకుని, ఎప్పుడు అమ్మాలో, ఏ రోజు ధర పట్టాలో రాసుకోకపోతే ఆ ఏడు డాలర్లే కోర్టుకు ఈడుస్తాయి.

ఇప్పుడు చిక్కైనది. స్పెయిన్ ఓడ అటోచా 1622 సెప్టెంబరులో ఫ్లోరిడా దగ్గర తుపానుకు మునిగింది. నిధుల వేటగాడు మెల్ ఫిషర్ బృందానికి 1985 జూలైలో అసలు రాశి దొరికింది: లక్షకు పైగా వెండి నాణేలు, వందల కొద్దీ వెండి కడ్డీలు, బంగారం, పచ్చలు. ఓడలో సరుకు పట్టీ స్పెయిన్‌లోని సెవిల్ దస్తావేజుల భాండాగారంలో ఉంది. కడ్డీ మీది అంకెను, బరువును పట్టీతో సరిచూస్తే ఓడ ఏదో రుజువవుతుంది, కడ్డీ ధరా పెరుగుతుంది. అయితే పట్టీలో ఉన్నదే ఓడలో ఉన్నదనుకోకండి. రాజుగారి పన్ను ఎగ్గొట్టడానికి దొంగచాటుగా ఎక్కించిన సొమ్ము పట్టీకెక్కదు.

బంగారం ఉప్పునీటిలో చెడదు, ఎలా మునిగిందో అలాగే వస్తుంది. దాని వన్నె కడ్డీ మీద రోమన్ అంకెల్లో, చుక్కల్లో పొడిచే ఉంటుంది. వెండి అలా కాదు. సల్ఫైడుగా మారి నల్లబడి, నాణేలు ఒకదానికొకటి అతుక్కుని బొగ్గుముద్దల్లా వస్తాయి. వాటిని క్షార ద్రావణంలో పెట్టి తక్కువ కరెంటు పంపి శుభ్రం చేస్తారు. ఎనిమిది రియాల్ల స్పెయిన్ వెండి నాణెం కొత్తగా ఉన్నప్పుడు 27 గ్రాములు. శుభ్రం చేశాక కాటాలో 18 చూపిస్తే తొమ్మిది గ్రాములు సముద్రం పాలైనట్టే. అందుకే తూకమైనా, గ్రేడు (నాణెం ఎంత బాగుందన్న అంచనా) అయినా శుభ్రం చేశాకే. ముద్దగా ఉన్నప్పుడు వేసిన గ్రేడుతో పంచేస్తే ఒకడికి అచ్చు స్పష్టంగా ఉన్న నాణెం, ఇంకొకడికి రేకు ముక్క దక్కుతాయి.

వస్తువులనే పంచాలనుకుంటే పాయింట్ల పద్ధతి పెట్టుకుంటారు. అటోచా పంపకం అలాగే, కంప్యూటర్ సాయంతో జరిగింది. ఉదాహరణకు మంచి నాణేనికి 100 పాయింట్లు, ఉప్పునీరు బాగా తినేసిన నాణేనికి 25, బంగారు కడ్డీకి 9,000 అనుకుందాం. మొత్తం 20 లక్షల పాయింట్లు. వెయ్యోవంతు వాటా ఉన్నవాడికి 2,000 వస్తాయి. కడ్డీ అతని వాటాలో పట్టదు. ఐదుగురు కలిసి తీసుకోవాలి, లేదా తేడా డబ్బుగా కట్టాలి. అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడు కుప్పలు వేసి చీట్లు తీసినట్టే ఇదీ. కుప్పలు వేసినవాడే ముందు ఎంచుకుంటే న్యాయం కాదని మన పల్లెల్లో కూడా తెలుసు. కాబట్టి పాయింట్లు వేసే మనిషికి ఆ పంపకంలో వాటా ఉండకూడదు. ప్రతి వస్తువుకూ నంబరు, ఫొటో, తూకం, గ్రేడు ఉన్న ధ్రువపత్రం జతచేయాలి. ఆ కాగితం పోయిందా, నాణెం ధర బాగా పడిపోతుంది.

పత్రికల్లో వచ్చే అంకెల్ని నమ్మకండి. అటోచా సొమ్ము 40 కోట్ల డాలర్లన్నారు. అలాంటి అంకె సాధారణంగా ఒక్కో నాణెం చిల్లర ధరను మొత్తం నాణేలతో హెచ్చవేసి వచ్చినది. అన్నీ ఒకేసారి బజారుకొస్తే ఆ ధర నిలవదు. సెంట్రల్ అమెరికా అనే పేరున్న ఓడనే చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో టంకసాలలో 1857లో ముద్రించిన 20 డాలర్ల బంగారు నాణేలు మెరుగు చెడనివి అప్పట్లో అరుదు. ఆ ఓడలో అలాంటివి ఐదు వేలకు పైగా దొరికాయి. అరుదైనది ఒక్క రోజులో మామూలైపోయింది. అందుకే మొత్తం సరుకుకు ధర కట్టేటప్పుడు టోకు తగ్గింపు, వేలం కమీషన్, ఏళ్ల తరబడి దాచే ఖర్చు తీసేయాలి.

ఆ ఓడ కథ పెట్టుబడిదారులు చదవాల్సిందే. 1857 సెప్టెంబరులో కరోలినా తీరానికి దూరంగా మునిగింది. టామీ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 161 మంది నుంచి సుమారు 1 కోటి 27 లక్షల డాలర్లు పోగుచేసి 1988లో కనిపెట్టాడు. వెంటనే పాత బీమా కంపెనీలు దిగాయి. నూట ముప్పై ఏళ్ల కిందట పరిహారం చెల్లించాం, సరుకు మాదే అన్నాయి. 1992లో అమెరికా అప్పీలు కోర్టు, ఇది దొరికినవాడి సొత్తు కాదు, కాపాడినవాడి కూలి లెక్క అని తేల్చింది. ఆ కూలి కొలవడానికి 1869 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పులో ఆరు కొలమానాలున్నాయి: శ్రమ, నైపుణ్యం, వాడిన సామగ్రి విలువ, పడిన ప్రమాదం, కాపాడిన సొత్తు విలువ, ఆ సొత్తుకున్న ముప్పు. ఏడోదిగా చారిత్రక ఆధారాలను ఎంత జాగ్రత్తగా కాపాడారన్నది ఈ కేసులో చేర్చారు. చివరికి బీమా కంపెనీల దావా కిందికొచ్చే బంగారంలో కూడా 90 శాతం వెతికినవాళ్లకే ఇచ్చారు. ఫొటోలు, పటాలు సరిగా తీసిపెట్టిన పనికి కూడా కోర్టులో విలువుందన్నమాట.

అన్నిసార్లూ ఇంత దయ ఉండదు. 2007లో ఒడిస్సీ తెచ్చిన 17 టన్నుల నాణేలు మెర్సిడెస్ అనే స్పెయిన్ యుద్ధనౌకవని తేలాయి. యుద్ధనౌక ఎన్నేళ్లకైనా ఆ దేశానిదే. 2012లో ఐదు లక్షలకు పైగా నాణేలు విమానాల్లో స్పెయిన్‌కు వెళ్లిపోయాయి. అక్కడ పంచడానికి శాతాలే లేవు. డబ్బు పెట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఓడలో ఎంత ఉందని కాదు, ఓడ ఎవరిదని.

రెండో ప్రశ్న, చెల్లింపుల వరస. అప్పులవాళ్లు, లాయర్లు, భద్రపరిచే ఖర్చు, ప్రభుత్వ వాటా, ఆ తర్వాతే పెట్టుబడి. మూడోది, వాటా ఏ ఏడాది దొరికినదానికి? ఏడాదికో వాటా అమ్మే చోట పదేళ్లు ఖాళీ సముద్రానికి డబ్బు పోసినవాడికి ఏమీ మిగలదు, పదకొండో ఏట చేరినవాడు పండించుకుంటాడు. నాలుగోది, ఖాతా పుస్తకం చూసే హక్కు. సెంట్రల్ అమెరికా బంగారంలో ఎక్కువ భాగం 2000లో సుమారు 5 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. లాయర్లకు, అప్పులకే పోయిందన్న జవాబు తప్ప పెట్టుబడిదారులకు పైసా రాలేదు. వాళ్లు 2005లో కోర్టుకెక్కారు. థాంప్సన్ 2012లో పరారై, 2015లో ఫ్లోరిడాలో దొరికాడు. 500 బంగారు నాణేలు ఎక్కడున్నాయో చెప్పనందుకు కోర్టు ధిక్కారం కింద ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు. 2025 జనవరిలో, ఇక ఎంతకాలం ఉంచినా చెప్పడని జడ్జి ఆ ధిక్కార నిర్బంధాన్ని ముగించారు.