నా పోతరాజేడి? పిల్లల బొమ్మలను కదిలించే యాప్‌పై రివ్యూ

నమస్కారం. ఈ రోజు మాట్లాడబోయే యాప్‌ను తయారుచేసిన సంస్థ నాకు ఏడాది చందాను ఉచితంగా ఇచ్చిందని ముందే చెబుతున్నాను; డబ్బు ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమని కూడా అడగలేదు. పిల్లలు వేసిన బొమ్మను ఫోటో తీసి ఇస్తే దాన్ని ఆడే, నడిచే వీడియోగా మార్చడం దీని పని. ధరలు, రిజల్యూషన్, సంగీతాల జాబితా మీరు ఇప్పటికే వేరేచోట చూసి ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. నేను పరీక్షించింది ఒక్కటే: మా అమ్మాయి వేసిన పోతరాజు తెర మీదికి వచ్చాక కూడా మా అమ్మాయి పోతరాజుగానే మిగిలాడా లేదా.

లాల్‌దర్వాజ బోనాలు చూసి వచ్చాక ఐదేళ్ల మా అమ్మాయి వేసిన బొమ్మ ఇది. ఒళ్లంతా పసుపు, ఎర్రటి ధోవతి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా. చేతులు చెవుల దగ్గరి నుంచి మొలిచాయి, పాదాలు రెండూ కుడివైపుకే తిరిగాయి, కుడిచేతికి ఏడు వేళ్లున్నాయి. యాప్‌కు ఇస్తే కాసేపటికి కండలు తిరిగిన సినిమా హీరో ఒకడు వచ్చాడు: ఐదేసి వేళ్లు, దువ్విన మీసం, వెనకాల ఏ ఊరిదో తెలియని గోపురం. నడక అద్భుతంగా ఉంది, గజ్జెల చప్పుడు కూడా కుదిరింది. మా అమ్మాయి చివరిదాకా చూసి, “నాన్నా, నా పోతరాజేడి?” అని అడిగింది. అసలు బొమ్మకు దగ్గరగా ఉంచే అమరిక ఒకటి ఉంది కానీ, దాన్ని చివరికంటా జరిపినా ఏడు వేళ్లు ఐదుగానే వస్తున్నాయి.

ఆ చికాకుతోనే పాత పనిముట్టు దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఫేస్‌బుక్‌ను నడిపే మెటా సంస్థ పరిశోధకులు 2021 డిసెంబరులో ‘యానిమేటెడ్ డ్రాయింగ్స్’ పేరుతో ఉచిత వెబ్ పేజీగా అందుబాటులోకి తెచ్చినది అది. అది బొమ్మను కొత్తగా గీయదు. పిల్లలు గీసిన గీతనే చిన్న చిన్న త్రిభుజాల వలగా చేసి, కీళ్ల దగ్గర పట్టుకుని లాగుతుంది. తోలుబొమ్మకైతే చేతిని విడిగా కత్తిరించి దారంతో ముడివేస్తారు. ఇక్కడ కత్తిరింపు లేకుండానే బొమ్మ సాగుతూ వంగుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది కాళ్ల సంగతి. పిల్లలు ముఖాన్ని ఎదురుగా, పాదాలను పక్కనుంచి వేస్తారు, ఎందుకంటే ఏ భాగం ఎటునుంచి బాగా పోల్చుకునేలా ఉంటుందో అటునుంచే దాన్ని చూపిస్తారు. పరిశోధకులు దాన్ని దిద్దే ప్రయత్నం చేయకుండా, మనుషుల నుంచి నమోదు చేసిన కదలికలలో పైభాగాన్ని ఎదుటి నుంచి, కాళ్లను పక్కనుంచి చూసినట్టుగా విడదీసి బొమ్మకు అన్వయించారు. అందుకే మా పోతరాజు మన వైపే చూస్తూ పక్కకు అడుగులేస్తాడు, చేతులు చెవుల దగ్గరి నుంచే ఊగుతాయి, ఏడు వేళ్లూ భద్రంగా ఉంటాయి.

చిక్కంతా ఆకారాన్ని కాగితం నుంచి వేరుచేసే మెట్టులో ఉంది. చుట్టూ ఉన్న తెలుపు ఎక్కడ ఆగుతుందో చూసి అది బొమ్మ అంచును తేలుస్తుంది కనుక, పిల్లలు గీతను కలపకుండా ఎక్కడైనా వదిలేస్తే ఆ సందులోంచి తెలుపు లోపలికి పారి పొట్ట మొత్తం మాయమవుతుంది. పైగా దొరికిన ముక్కలలో పెద్దదాన్నే ఉంచుకుని మిగతావాటిని వదిలేస్తుంది. మా కొరడా చేతికి వెంట్రుకవాసి ఎడంగా ఉండడంతో అది తెర మీదికే రాలేదు. కొరడా లేని పోతరాజును ఎవరు చూస్తారు? ఆ పేజీలోనే ఉన్న పెన్నుతో చేతిని, కొరడాను కలుపుతూ చిన్న పూత పూస్తే వచ్చింది కానీ, దానికి కీలు లేదు కనుక తాడులా ఊగకుండా కర్రలా బిగుసుకుని చేతితోపాటే తిరుగుతోంది. గీతలు లేని తెల్లకాగితం వాడి, కిటికీ వెలుగులో నీడ పడకుండా ఫోటో తీస్తే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. చేతులు ఒంటికి తగలకుండా వేసిన బొమ్మలైతే మేలని కూడా అంటారు, అయితే ఐదేళ్ల పిల్లకు అలాంటి షరతులు పెట్టడం నాకు ఇష్టం లేదు.

దీనికి ముందు నేను చార్టు ముక్కలు కత్తిరించి, ఫోన్‌తో ఒక్కో కదలికకూ ఒక్కో ఫోటో తీసేవాడిని. సెకనుకు 12 ఫోటోల లెక్కన పది సెకన్ల ఆటకు 120 ఫోటోలు కావాలి. అవి పూర్తయ్యేలోపు పిల్ల ఇంకో బొమ్మ మొదలుపెట్టేది.

బొమ్మ మీద పిల్లల పేరు, బడి పేరు ఉంటే ఫోటో ఎక్కించే ముందే కత్తిరించండి. మీ బొమ్మను పరిశోధనకు వాడుకోవచ్చా అని మెటా పేజీ అడుగుతుంది. అలా అనుమతించినవారి బొమ్మలు 1,78,000కు పైగా 2023లో ప్రోగ్రాం కోడ్‌తోపాటు బహిరంగంగా విడుదలయ్యాయి. కోడ్‌ను సొంత కంప్యూటరులో నడుపుకుంటే బొమ్మ ఇల్లు దాటనవసరం లేదు. వెబ్ పేజీ మనిషి ఆకారాల కోసమే తయారైంది. ఆరు చేతుల బొమ్మకు కోడ్‌లో ఉదాహరణ ఉంది కానీ, ఫైళ్లను చేత్తో మార్చుకోవాలి, అది అందరికీ కుదిరే పని కాదు.

ఉచితంగా వచ్చిన చందా ముగిశాక నేను సొంత డబ్బుతో పొడిగించను. పుట్టినరోజు పిలుపుకు మెరిసే వీడియో కావాలనుకునేవారికి ఆ యాప్ బాగానే పనికొస్తుంది. పిల్లలు వేసిన బొమ్మే కదలాలనుకుంటే మాత్రం పాతదాన్నే వాడండి, ఆకారం వేరుచేసే మెట్టుకు ఓ అరగంట పక్కన పెట్టుకోండి.